మా వాకిట్లో చంద్రుడు ఒక గడియ ఆలస్యం

నా ట్రంకుపెట్టెలో తొమ్మిది నోటుబుక్కులున్నాయి. రెండో నంబరు నుంచి పదో నంబరు దాకా. ఒకటో నంబరు లేదు. అది ఎట్లా పోయిందో, దాంతో పాటు ఏమేమి పోవలసింది పోకుండా మిగిలిందో రాసిపెట్టాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. ఇప్పుడు సిరిసిల్లలో మేముండే వాడలో సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు ఆగదు, వీధి దీపాలు ఆరవు. పున్నమి ఎప్పుడని అడిగితే అందరూ గోడ మీది క్యాలెండరు దిక్కు చూస్తారు. ఆకాశం దిక్కు చూసేదాన్ని నేనొక్కదాన్నే మిగిలినట్టున్నాను. అందుకని ఇక ఆలస్యం చేయను.

మా బాపు జగిత్యాల దగ్గర ఒక ఊరికి పట్వారీ. లెక్క తప్పితే అన్నం ముందు నుంచి లేచిపోయే మనిషి. పున్నమి నాడు పొద్దు గూకే వేళకే చంద్రుడు పొడుస్తాడు, ఆ తరువాత రోజుకు రెండు గడియలు వెనకబడతాడు, గడియంటే ఇరవై నాలుగు నిమిషాలు అని నాకు ఎనిమిదో ఏటనే నేర్పాడు. వెన్నెలకు చంద్రిక, కౌముది, జ్యోత్స్న అని పేర్లు చెప్పాడు. కోరుట్లలో నేను మొదట ఉద్యోగం చేసిన ఆరేళ్లూ ఆ మూడు పేర్లనే పిల్లలతో బట్టీ పట్టించాను. వెన్నెలకు ఇంకో పేరుంటుందని నాకు తోచలేదు.

అక్కడి నుంచి నన్ను ఎల్లారెడ్డిపేట దాటి వీర్నపల్లి పోయే దారిలో ఒక ఊరికి బదిలీ చేశారు. ఊరికి తూర్పున గుట్ట, గుట్ట వెనుక అడవి. అవి అన్నలు తిరిగే రోజులు, వాళ్ల కోసం పోలీసులు తిరిగే రోజులు. చీకటి పడ్డాక ఏ ఇంట్లో దీపం ఎక్కువసేపు వెలిగినా మరునాడు ఒక దిక్కు వాళ్లు అడిగేవారు, ఎవరికోసం పెట్టినవని. రెండు రోజులకు ఇంకో దిక్కు వాళ్లు అడిగేవారు. అందుకని ఊరంతా పొద్దుండగానే తిని, పొద్దుతో పాటే దీపం ఆర్పేది. ఫాల్గుణంలో కాముని పున్నమికి ముందు పిల్లలు ఇంటింటికీ తిరిగి ఆడే జాజిరి కూడా ఆ రోజుల్లో బందయింది.

నేను వెళ్లిన రెండో నెలలో ఒక గౌండ్లామె బడికి వచ్చింది. ఆమె భర్త తాళ్లు గీసేవాడు. ఆమె కల్లు ముంత పక్కన పెట్టి, గడప బయటనే నిలబడి అడిగింది.

"టీచరమ్మా, మా అసొంటోళ్లకు సుత సదువు చెప్తవా?"

"ఎందుకు చెప్పను? పగలు రండి."

"పగలు మాకేడ తీరుతది? పొద్దుందాక పొలం, పొద్దు గూకినంక పొయ్యి. తిన్నంక అయితే అస్తం. గని దీపం పెట్టద్దు."

"దీపం లేకుండా అక్షరం ఎట్లా కనిపిస్తుంది?"

ఆమె నన్ను చూసి నవ్వింది. "చీకటుండంగనే మబ్బుల లేసి వాకిట్ల ముగ్గేస్తం. ఏ దీపం పెట్టి ఏస్తున్నమే?"

ఆ రాత్రి మా వాకిలి అలికి చూశాను. పేడతో అలికిన నేల నల్లగా ఆరింది. వెన్నెల్లో దాని మీద ముగ్గు పిండితో జానెడు పొడవున 'అ' పోశాను. పది అడుగుల దూరం నుంచి కూడా స్పష్టంగా కనిపించింది. పలక అక్కర్లేదు, బలపం అక్కర్లేదు. వేళ్ల మధ్య నుంచి పిండి సన్నగా, సమంగా వదలడం ఆ ఆడవాళ్లకు పుట్టినప్పటి నుంచి వచ్చిన పని. ఆ విద్యలో వాళ్లే నాకు గురువులు.

శుద్ధ పంచమికి మొదలుపెట్టాము. మొదటి రోజు నలుగురు, దశమి నాటికి పదకొండు మంది. సర్కారు వాచకంలోని పడవ, ఓడ వాళ్లకు ఎక్కలేదు. మా ఊళ్లో పడవ చూసినవాళ్లెవరు? అందుకని, ఎవరు ఏ వెలుగులో ఏం పని చేస్తారో ఆ వెలుగు పేరు చెప్పండి, దాన్నే రాయడం నేర్పుతానన్నాను. అప్పుడు బయటపడ్డాయి మాటలు. గుడ్డెన్నెల అన్నది ఒకామె: నెలవంక సన్నగా ఉన్నప్పుడు, దారి కనబడి ముల్లు కనబడని వెలుగు. మొగులెన్నెల అన్నది ఇంకొకామె: మేఘం చాటు వెన్నెల. ఎండపొడ, నీరెండ, మునిమాపు, పండెన్నెల ఒక్కొక్కటీ వచ్చాయి. ఒక ముసలామె మెరుపు అన్నది. "అదొక్క రెప్పపాటే ఉంటది గదనే?" అని పక్కామె ఎగతాళి చేస్తే, "మా ఇంట్ల వాన కురిసే జాగ నేను గా ఎలుగులనే సూసిన" అన్నది.

గౌండ్లామె చెప్పిన మాట నసుకు. తెల్లవారక ముందు వచ్చే వెలుగు. మబ్బులకూ నసుకుకూ తేడా ఏమిటని అడిగాను. నాకు తేడా తెలియనిది రాసుకోవడం ఇష్టముండదు.

"మబ్బుల ఎదురుంగ మనిషున్నా కనవడడు," అన్నది. "నసుకుల మనిషి కనవడ్తడు, గని ఎవలో తెల్వది. ఎండ పొడిస్తే ఎవలో తెలుస్తది. నా పెనిమిటి తాళ్లకు పోయేది నసుకుల. ఇంటి మీదికి అచ్చెటోళ్లు సుత నసుకులనే అస్తరు."

చివరి మాట అంటున్నప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆమె తమ్ముడు ఏడాది కింద ఇల్లు విడిచిపోయాడు. గుట్ట వెనుకకే పోయాడని ఊరంతా అనుకునేది. ఠాణాలో ఆమె పేరు ఇంకా ఏ కాగితం మీదా ఎక్కలేదు. ఎక్కితే ఆ ఇంటికి నిద్ర ఉండదు. అందుకని నేను ఒక నియమం పెట్టాను. వాకిట్లో ఎవరూ పేరు రాయకూడదు. పోయేటప్పుడు అక్షరాలన్నీ ఊడ్చిపోవాలి. నా నోటుబుక్కులో కూడా పేర్లు ఉండకూడదు, సంఖ్య మాత్రమే ఉండాలి.

ఆ ఒకటో నంబరు నోటుబుక్కులో నేను రాసింది ఇంతే: తిథి, పొద్దు గూకిన తరువాత ఎన్ని గడియలకు మా వాకిట్లోకి వెన్నెల వస్తుంది, ఎంతమంది వచ్చారు, ఆ రోజు నేర్చుకున్న మాట. బహుళ పాడ్యమి, మూడు గడియలు, పదకొండు మంది, నీరెండ. బహుళ విదియ, ఐదు గడియలు, పదకొండు మంది, వేగుచుక్క. ఇట్లా నాలుగేళ్లు.

నాలుగో ఏడు కాముని పున్నమి నాడు జగిత్యాలలో బాపును చూసి తిరిగి వస్తుంటే బస్సు ఆపారు. అందరి సంచులూ దులిపారు. నా సంచిలో నుంచి నోటుబుక్కు తీసి ఒక కానిస్టేబులు రెండు పేజీలు తిరగేశాడు. నన్ను పొమ్మన్నారు, నోటుబుక్కును ఉంచుకున్నారు. మరునాడు, పాడ్యమి నాడు, మధ్యాహ్నం ఠాణాకు రమ్మని కబురు వచ్చింది. ఎవరికీ చెప్పకుండా బయలుదేరాను. ఎవరికి చెప్పినా వాళ్లు నా పదకొండు మందిలో ఒకరన్న లెక్కకు వస్తారని భయం.

ఎస్సై కోస్తా దిక్కు మనిషి. ముప్పై ఏళ్లుంటాయి. చేతి గడియారం మాటిమాటికీ చూసుకునే అలవాటు. మర్యాదగానే కుర్చీ వేయించాడు.

"ఏవండీ టీచరుగారూ, ఈ వేగుచుక్క ఎవరు?"

"ఎవరూ కాదండీ. తెల్లవారుజామున తూర్పున కనిపించే చుక్క."

"మరి పండెన్నెల? నసుకు? ఇవన్నీ మారుపేర్లు కావూ?"

"వెలుగుల పేర్లు. మా ఊరి ఆడవాళ్లకు చదువు చెబుతున్నాను."

"వెలుగుల పేర్లు!" అతను పక్కనున్న రైటరు దిక్కు చూశాడు. రైటరు ఈ ప్రాంతం మనిషే, నడివయసు వాడు, తల దించుకుని రాసుకుంటున్నాడు. "ఒక తేదీ, ఒక టైము, పదకొండు మంది. రాత్రికొకలా టైము మారుతుంది. మీరే నా కుర్చీలో ఉంటే ఏమనుకుంటారండీ?"

నేను అతని కుర్చీలో ఉంటే అదే అనుకునేదాన్ని. ఆ మాట పైకి అనలేదు.

"ఆ పదకొండు మంది పేర్లు చెప్పండి, ఇంటికి పంపిస్తాను."

"చెప్పను."

"అయితే రేపు పొద్దున్నే నేనే మీ ఊరొస్తాను. ఆడాళ్లందర్నీ బడి ముందు కూర్చోబెడతాను. వాళ్లే చెబుతారు."

నా కళ్ల ముందు గౌండ్లామె మెదిలింది. అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరి పేరూ, తండ్రి పేరూ, తోబుట్టువుల పేర్లూ రాసుకుంటారు. తమ్ముడి పేరు దగ్గర ఆగుతారు.

"ఆ పట్టిక మనుషులది కాదు, చంద్రునిది. రుజువు చేస్తాను. ఈ రోజు పాడ్యమి. ఆరూ ఇరవై అయిదుకు పొద్దు గూకుతుంది. మూడు గడియలంటే డెబ్భై రెండు నిమిషాలు. ఏడూ ముప్పై ఏడుకు చంద్రుడు వస్తాడు. ఒక్క నిమిషం తేడా ఉంటే మీ ఇష్టం."

అతను గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. ఠాణా ముందు తూర్పున అంతా బయలు, కోసిన పొలాలు. అక్కడ కుర్చీలు వేయించాడు. నేను నిబ్బరంగా కూర్చున్నాను. నాలుగేళ్లుగా తప్పని లెక్క అది.

ఏడూ పదమూడుకు చంద్రుడు వచ్చాడు. నా ఎదురుగా, పొలాల అంచు మీద, రాగిచెంబు లాగా.

"మీ చంద్రుడు తొందరపడ్డడు టీచరమ్మా," అన్నాడు రైటరు మెల్లగా. ఎస్సై నవ్వలేదు. గడియారం చేతికి పెట్టుకున్నాడు. "ఇరవై నాలుగు నిమిషాలు. రేపు అయిదింటికి జీపు బయలుదేరుతుంది. మీరూ రండి," అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నన్ను రైటరు ఇంట్లో పడుకోబెట్టారు. అతని భార్య జొన్న రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తినలేకపోయాను. భయం కన్న ఎక్కువగా నన్ను కొరుకుతున్నది లెక్క. బాపు లెక్క తప్పదు. రోజుకు రెండు గడియలు. అంటే పాడ్యమికి రెండు, విదియకు నాలుగు, తదియకు ఆరు. మరి నా నోటుబుక్కులో మూడు, ఐదు, ఏడు ఎందుకున్నాయి? ప్రతి రోజుకూ ఒక్క గడియ ఎక్కువ. నేనే వేశాను ఆ ఒకటి. మొదటి ఏడు నాలుగు రాత్రులు వాకిట్లో కూర్చుని చూసి, చంద్రుడు ప్రతిసారీ ఒక గడియ ఆలస్యంగా వస్తున్నాడని ఒకటి కలిపి, ఎందుకు కలిపానో రాసుకోలేదు. నాలుగేళ్లలో మా వాకిట్లో తప్ప ఇంకెక్కడా చంద్రోదయం చూడలేదు. ఆ ఊరి చంద్రుడే చంద్రుడనుకున్నాను.

గుట్ట. ఆ ఒక గడియా గుట్టది.

లేచి తలుపు కొట్టాను. రైటరు కండువా సర్దుకుంటూ వచ్చాడు. చెప్పాను. అంతా విని అతను గడప మీద కూర్చున్నాడు.

"సారు నమ్మడు. పొద్దుగాల గుట్టను పుట్టిస్తున్నదంటడు."

"గుట్టను నేను పుట్టించలేను. పొద్దున అక్కడే ఉంటుంది. ఈ నెలలో సూర్యుడూ పున్నమి చంద్రుడూ ఒకే దిక్కున పొడుస్తారు. చంద్రుణ్ని ఆపిన గుట్ట సూర్యుణ్నీ ఆపాలి. ఇక్కడ ఆరూ ఇరవై అయిదుకు ఎండ వస్తే మా వాకిట్లో ఆరూ నలభై తొమ్మిదికి రావాలి. సారు చేతికి గడియారం ఉంది కదా."

"ఈ ముక్క జీపులనే చెప్పుండ్రి," అన్నాడు. "నేను సుత యాద్ జేస్త."

మబ్బుల బయలుదేరాము. జీపులో చెప్పాను. ఎస్సై ముందు సీట్లో వెనక్కి తిరగకుండానే విన్నాడు. రైటరు "మా ఊళ్లె సుత గుట్ట పక్కపొంటి ఇండ్లకు ఎండ లేటుగనే పడ్తది సార్" అన్నాడు. ఎస్సై జేబులో నుంచి చిన్న డైరీ తీసి ఏదో రాసుకున్నాడు. ఆరూ నలభై తొమ్మిది అనే రాసుకుని ఉంటాడు.

నసుకుల ఊళ్లోకి దిగాము. మనుషులు కనబడుతున్నారు, ఎవరో తెలియదు. వాకిళ్లలో చీపుళ్ల చప్పుడు జీపు చప్పుడుకు ఆగిపోయింది. పోలీసు జీపులో నుంచి నేను దిగడం ఊరంతా చూసింది. మా ఇంటి ముందుకు వచ్చాము.

వాకిలంతా తెల్లగా అక్షరాలు.

నేను లేకపోయినా వాళ్లు వచ్చారు. నిన్న రాత్రి మూడు గడియలకు వెన్నెల పడింది, పదకొండు మందీ వచ్చారు, టీచరమ్మ లేదని తిరిగిపోకుండా ఎవరి మాట వాళ్లు పోసుకున్నారు. ఊడ్చమని చెప్పడానికి నేను లేను. మునిమాపు, ఎండపొడ, మొగులెన్నెల. ఒకరిది కొమ్ము తప్పింది. ముసలామె 'మెరుపు'లో 'పు'కు తలకట్టు మరిచింది. మూలన, అన్నిటికన్న చిన్నగా, నసుకు.

ఎస్సై ఇంట్లోకి పోవాలంటే ఆ వాకిలి దాటాలి. ఒక అడుగు వేశాడు, ఆగాడు, బూటు వెనక్కి తీసుకున్నాడు. ముగ్గు తొక్కకుండా పెరిగిన మనిషే అతనూ. గోడవారగా చుట్టూ నడిచి అరుగు దగ్గరకు వచ్చాడు. అక్కడ నిలబడి ఒక్కొక్క మాటా పెదవులతో చదివాడు. లెక్కపెట్టాడు. పదకొండు. చేతిలోని నా నోటుబుక్కు తెరిచి మాటలు పోల్చుకున్నాడు.

"ఇవి ఎవరు రాశారు?"

"నేర్చుకునేవాళ్లు."

గడియారం చూసుకున్నాడు. ఆరూ ఇరవై అయిదయింది. ఆకాశమంతా తెల్లబడింది, గుట్ట అంచు వెంట వెలుగు పొంగుతున్నది. వాకిట్లో ఎండ లేదు.

"వచ్చేసినట్టేగా?" అన్నాడు.

"రాలేదండీ. అది గుట్ట వెనుక వెలుగు. నీడ పడిందా చూడండి."

ఎవరి నీడా పడలేదు. అతను అరుగు మీద కూర్చున్నాడు. చుట్టుపక్కల వాకిళ్లలో ఆడవాళ్లు మెల్లగా మళ్లీ పనిలో పడ్డారు. పదకొండు మందిలో ఏడుగురు అతని చూపు పడే దూరంలోనే ఉన్నారు, నడుము వంచి ముగ్గులు పోస్తూ. గౌండ్లామె మూడో ఇంటి ముందు ఉంది. చుక్కల ముగ్గు పెడుతున్నది. నేను ఆమె దిక్కు చూడకుండా ఉండడానికి గుట్ట మీది బండలు లెక్కపెట్టాను. పద్నాలుగు వచ్చాయి.

ఆరూ నలభై ఎనిమిదికి గుట్ట కొన మీది బండ అంచు మెరిసింది. రైటరు లేచి నిలబడ్డాడు. నలభై తొమ్మిదికి మా వాకిట్లో మొదటి ఎండపొడ పడింది. గోడ మీద పడి, అరుగు దిగి, అక్షరాల మీదికి వచ్చింది. ఎస్సై తన నీడను చూసుకున్నాడు.

"ఇరవై నాలుగు నిమిషాలు," అన్నాడు. బడి ముందు ఎవరినీ కూర్చోబెట్టలేదు. పోయే ముందు నోటుబుక్కు మూసి, "ఇది రికార్డులో ఉంటుంది, ఇవ్వడం కుదరదు" అన్నాడు. "రాత్రి చదువులు మానేయండి టీచరుగారూ. మీ మంచికే."

"తదియ దాటితే వెన్నెల మరీ ఆలస్యం, ఎట్లాగూ ఆగుతుందండీ. మళ్లీ శుద్ధ పంచమి నుంచే."

అతను నన్ను చూశాడు. మానేయమని రెండోసారి అనలేదు, మానేయవద్దనీ అనలేదు. మళ్లీ గోడవారగానే నడిచి వెళ్లాడు.

జీపు మలుపు తిరిగేదాకా ఎవరూ కదలలేదు. తరువాత గౌండ్లామె ముగ్గు చిప్ప చంకన పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. చీపురు అందుకుని ఊడుస్తుందనుకున్నాను. అందుకోలేదు.

"మా కోసం రాత్రి ఠాణాల పండుకున్నవట," అన్నది.

"రైటరు ఇంట్లో."

"ఏదైతేంది. పేర్లు చెప్పలేదట. జీపు కాడ అనుకుంటుంటే ఇన్న."

"చెప్పలేదు."

"ఇగ నా పేరు రాసుడు నేర్పు టీచరమ్మా."

నేను ఉలిక్కిపడ్డాను. "పేర్లు రాయవద్దని కదా మనం అనుకున్నది? నీకు భయం లేదా?"

"ఎందుకు లేదు? రాత్రంత కన్ను మూయలే. గని ఆలోచన జేసిన. ఏదో ఒకనాడు నా పేరు వాళ్ల కాయితం మీదికి ఎక్కుతది. నా తమ్మునిది ఎక్కలేదా? వాళ్లు ఏం రాసిండ్రో సూసి గుర్తువట్టనన్న రావాలె గదా నాకు. వాళ్ల చేతుల పడకముందు నా చేతుల పడాలె."

"అయితే పంచమి నాడు..."

"పంచమి దాక ఎందుకు? ఎండున్నది గదా ఇప్పుడు."

ఆ రోజు బడి గంటను పావుగంట ఆలస్యంగా కొట్టాను. నా ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో అట్లా చేసింది ఆ ఒక్కసారే. ఆమె పేరులో నాలుగు అక్షరాలు, ఒక ఒత్తు. ఒత్తు దగ్గర రెండుసార్లు చెరిపింది. మూడోసారి కుదిరింది. వాకిలి నడుమ, నిండు ఎండలో, జానెడేసి అక్షరాలు. ఊడ్వబోతే నా చేయి పట్టుకుంది.

"ఉండనియ్యి. గాలికి పోయినప్పుడు పోతది."

మూడు రోజులు ఉన్నది ఆ పేరు. నాలుగో రోజు గాలి వచ్చింది. శుద్ధ పంచమికి ఎనిమిది మంది వచ్చారు, దశమి నాటికి మళ్లీ పదకొండు. రెండో నంబరు నోటుబుక్కు ఆ పంచమితో మొదలవుతుంది. మొదటి పేజీ పైన, ఈసారి మరిచిపోకుండా, ఒక గడియ గుట్టదని రాసుకున్నాను. ఆమె పేరు మాత్రం అందులో లేదు, ఇక్కడా రాయను. అది రాయవలసిన చేయి నాది కాదు.